వీధిలో కూర్చుని వేసే బొమ్మ
(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, పిల్లల పాటలు, ఆ తరువాత పులిహోర. ఇది మనకు అలవాటైన వరస. ఈ ఏడు కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఆదివారం వస్తే రంగుల పెట్టె చంకన పెట్టుకుని వీధుల్లో కూర్చుంటావట కదోయ్, ఆ సంగతి మనవాళ్ళకు ఒక పావుగంట చెప్పు" అన్నారు. నేను కవిని కాను, చిత్రకళాశాల గడప తొక్కి చదివినవాణ్ణీ కాను. మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా చేరినవాణ్ణి. మూటలు లెక్కపెట్టడం, వే బిల్లులు చూడడం, తూకంలో తేడా వస్తే పదిమందికి సమాధానం చెప్పడం నా నిత్యకృత్యం. కనుక కళాతత్త్వం మీద ఉపన్యాసం నా దగ్గర ఆశించకండి. ఎదురుగా కనబడే వీధిని అక్కడికక్కడే నీటిరంగులతో కాగితం మీదికి ఎక్కించే పని ఎట్లా సాగుతుందో, అది మనలాంటి వలస కుటుంబాలవారికి ఎందుకు అవసరమని నాకు తోచిందో, ఆ రెండు సంగతులే మనవి చేస్తాను.

ముందు సాధనం సంగతి. నీటిరంగులో ఉండే సరుకు చాలా కొద్ది. మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి పట్టి ఉంచడానికి తుమ్మజాతి చెట్టు బంక, ముఖ్యంగా అంతే. నీళ్ళు మనం కలుపుకునేవి. నూనెరంగులో ఒక పొర మీద ఇంకొక పొర కప్పి అడుగుది దాచవచ్చు. నీటిరంగులో ఆ దాపరికం లేదు. రంగు పలుచని గాజు పలకలాగా కాగితం మీద నిలుస్తుంది. వెలుతురు ఆ రంగులోనుంచి దూరి, అడుగున ఉన్న తెల్ల కాగితాన్ని తాకి, తిరిగి మన కంటికి వస్తుంది. బొమ్మలో కనిపించే వెలుగంతా కాగితానిదే అన్నమాట. అందుచేత తెల్లగా ఉండవలసిన చోటు ఏదో ముందే నిర్ణయించుకుని, అక్కడ కుంచె తగలకుండా వదిలిపెట్టాలి. డబ్బావాలా నెత్తిమీది టోపీ, తీగమీద ఆరేసిన పంచె, టీ దుకాణంలో పొంగే పాలు, ఇవన్నీ మనం వేసేవి కావు, వదిలేసేవి.

ఇంకొక నియమం, లేత రంగుతో మొదలుపెట్టి ముదురు రంగుకు పోవలె. వెనక్కి రావడానికి దారి లేదు. మా ఆఫీసు రిజిస్టరులో అంకె గీకి దిద్దితే ఒప్పుకోరు. తప్పు అంకెను కొట్టివేసి, పక్కన సరైనది వేసి, పొట్టి సంతకం పెట్టాలి. నీటిరంగులో ఆ పొట్టి సంతకం సౌకర్యం కూడా లేదు. కుంచె దించేముందే ఆలోచించుకోవలె, దించిన తరువాత ధైర్యంగా పోవలె.

ఈ పెట్టె పుచ్చుకుని ఆరుబయటికి వెళ్ళడం అనాదిగా ఉన్న పద్ధతి కాదు. పూర్వం చిత్రకారుడు తన రంగు తానే నూరుకునేవాడు. 1780వ దశకంలో లండనులో రీవ్స్ అనే అన్నదమ్ములు రంగును సబ్బుబిళ్ళలాగా గట్టి బిళ్ళలు చేసి అమ్మడం ప్రారంభించారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు నొక్కితే రంగు బయటికి వచ్చే తగరపు గొట్టానికి పేటెంటు పొందాడు. మొదట నూనెరంగుల కోసం వచ్చిన ఆ గొట్టం కొద్దికాలానికే నీటిరంగులకూ వచ్చింది. రంగు జేబులో పట్టిన నాటినుంచి చిత్రకారుడి కాలికి సంకెల తెగింది.

మన ముంబయికి ఈ విషయంలో మంచి చరిత్ర ఉన్నది. జె.జె. చిత్రకళాశాల 1857లో స్థాపించారు. ఎదురుగా 1869లో పూర్తి అయిన క్రాఫర్డ్ మార్కెట్టు గోడమీది శిల్పాలు అక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్న లాక్‌వుడ్ కిప్లింగ్ తీర్చినవి. మా రైల్వేవారి విక్టోరియా టెర్మినస్, అంటే నేటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, దాని మీది నగిషీలో కూడా ఆ కళాశాల విద్యార్థుల చేతులున్నవి. అదే కళాశాలలో చదివి అక్కడే బోధించిన ఎం.వి. ధురంధర్ ఈ నగరంలో తిరిగే జనాన్ని, వారి తలపాగాలను, చీరకట్లను, నడకలను బొమ్మల్లో పట్టినవారు. 1912లో అచ్చయిన 'బైవేస్ ఆఫ్ బాంబే' అనే పుస్తకానికి బొమ్మలు ఆయనవి. వ్రాసినది ఎడ్వర్డ్స్ అనే ఆనాటి పోలీసు కమీషనరు. పోలీసు కమీషనరు, చిత్రకారుడు కలిసి సందుగొందులను చూసి పుస్తకం చేసిన ఊరు ఇది.

తెలుగువారికి ఈ కళాశాలతో ఉన్న బంధుత్వం కూడా చెప్పుకోవాలి. రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు, కూల్డ్రే అనే ఆంగ్ల ప్రిన్సిపాలు ప్రోత్సాహంతో ఇంతదూరం వచ్చి జె.జె.లో చదివాడు. 1897లో పుట్టి 1925లో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన పేరున రాజమహేంద్రవరంలో ఉన్న చిత్రశాలను మీలో చాలామంది చూసి ఉంటారు. సెలవులకు అటు వెళ్ళినవారు గోదావరి స్నానంతో పాటు ఆ చిత్రశాలకు కూడా ఒక గంట కేటాయించవలెనని నా మనవి.

ఇక పని పద్ధతి. ఉగాది పచ్చడికి ఆరు రుచులు. నా పెట్టెలోనూ ఆరే రంగులు. అల్ట్రామెరీన్ నీలం, ప్రషియన్ నీలం, నిమ్మపండు పసుపు, ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు, క్రిమ్సన్ ఎరుపు, బర్న్‌ట్ సియెన్నా అనే కాల్చిన మట్టిరంగు. సియెన్నా ఇటలీలో ఒక ఊరు, ఆ ప్రాంతపు మట్టిని కాల్చితే వచ్చిన రంగు గనుక ఆ పేరు. అల్ట్రామెరీన్ ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే లాజవర్దం రాతిని నూరి చేసేవారు, బంగారంతో సమానంగా చూసేవారు. 1828లో ఫ్రాన్సు దేశంలో దానిని కృత్రిమంగా తయారు చేయడం కనుగొన్న తరువాత సామాన్యుడికి అందింది. మన ఇళ్ళలో తెల్లబట్టలకు పెడుతూ వచ్చిన నీలం పొడి కూడా ఆ జాతిదే. ఈ నీలంలో కాల్చిన మట్టిరంగు కలిపితే బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే వానమబ్బు, మట్టి ఎక్కువైతే పాతగోడ. ఈ నగరంలో సగం ఆ రెండు రంగుల్లో దొరుకుతుంది. నల్లరంగు నేను కొననే కొనను.

కాగితం మాత్రం మందంగా ఉండాలి. చదరపు మీటరు 300 గ్రాములు తూగే కాగితమైతే నీళ్ళు తాగినా ఎక్కువగా ఉబ్బదు. పుస్తకమంత కాగితం చాలు. రెండు కుంచెలు, ఒక మెత్తని పెన్సిలు, ఒక చింకిగుడ్డ, రెండు చిన్న డబ్బాల్లో నీళ్ళు. ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. మడతకుర్చీ ఉంటే మంచిది, లేకపోతే దుకాణం మెట్టు ఉండనే ఉన్నది. దుకాణదారు అనుమతి అడిగి కూర్చోవడం మర్యాద. రైల్వే ఆవరణలో కూర్చోదలిస్తే స్టేషను అధికారులను ముందుగా అడగాలి. రైల్వే ఉద్యోగినైనా నేనూ అడుగుతాను.

కూర్చున్న తరువాత మొదట చూడవలసినది మన కంటి ఎత్తు. మనం నిలబడి చూస్తే, చదునైన వీధిలో దగ్గరి మనిషి తల, దూరపు మనిషి తల సుమారు ఒకే గీత మీద ఉంటవి. కాళ్ళు మాత్రమే పైకి కిందికి మారుతవి. కూర్చుని చూస్తే ఆ గీత వాళ్ళ నడుముల దగ్గరికి దిగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంత జనసందోహమైనా క్రమంగా నిలుస్తుంది. రెండవది నీడలు. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. అరగంటలో నీడ ఎదురు గోడకు ఎక్కిపోతుంది. కనుక కూర్చోగానే నీడల అంచులు పెన్సిలుతో గుర్తు వేసుకుని, తరువాత ఏమి జరిగినా ఆ గుర్తును నమ్మాలి. విక్టోరియా టెర్మినస్ ముఖభాగం ఉదయం నీడలో ఉంటుంది, సాయంత్రం ఎండ పడి బంగారు రాయిగా మారుతుంది. ఎప్పుడు వెళ్ళాలో భవనమే చెబుతుంది.

మూడవది మనుషులు. ఎవరూ మన కోసం ఆగరు. హమాలీ తల మీద మూట వచ్చింది, పోయింది. అతని బొమ్మ ఒకటే చుక్క, ఒకటే గీత. తల చుక్క, ఒళ్ళు కింది వైపు సన్నబడే గీత. మూట బరువుకు మెడ ఎంత వంగింది, అడుగు ఎంత పొట్టిగా పడింది, అది చూస్తే చాలు. కళ్ళు ముక్కు అక్కరలేదు. పార్సిలు ఆఫీసులో పదిహేనేళ్ళుగా హమాలీలను చూస్తున్నాను. బొమ్మ వేయడం మొదలుపెట్టిన తరువాతనే, ఇద్దరు హమాలీల నడక ఒక తీరున ఉండదని నాకు తెలిసింది.

వానకాలంలో ఇబ్బంది ఉన్నది. సముద్రపు గాలికి తోడు వాన చేరితే కాగితం ఎంతకూ ఆరదు. మే నెలలో దానికి తలకిందులు, వేసిన రంగు వేసినట్టే ఆరిపోతుంది. అయినా వానలో మన వీధి నీటిరంగు కోసమే పుట్టినట్టు ఉంటుంది. ఆకాశమూ రోడ్డూ ఒకే రంగు, మధ్యలో గొడుగులు, కింద వాటి ప్రతిబింబాలు. ఏదైనా దుకాణం చూరు కింద నిలబడి కాగితాన్ని ముందే తడిపి రంగు వదిలితే, సగం పని నీళ్ళే చేసిపెడతవి.

ఇప్పుడు రెండవ సంగతి. మనకు ఇది ఎందుకు?

మనవాళ్ళు ఈ నగరానికి ఈనాడు వచ్చినవారు కారు. పద్దెనిమిదవ శతాబ్దం చివరినుంచి నైజాం ఇలాకా తెలుగు జిల్లాలనుంచి కట్టడపు పనికి వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాటిపురా వెలిసింది. ఆ పేరు చెప్పగానే ఇతరులు వేరే సంగతులు తలచుకుంటారు. అది రాయి కొట్టి, సున్నం మోసి ఈ నగరాన్ని నిలబెట్టిన కూలీల పేరు అని మనమైనా మన పిల్లలకు చెప్పాలి. ఆ తరువాత పద్మశాలీలు మిల్లులకు వచ్చారు. పరేలు, వరళి ప్రాంతాల్లో మగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినబడేది. 1982 జనవరి 18న ప్రారంభమైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పనికి దూరమయ్యారు. చాలా మిల్లులు మళ్ళీ తెరవలేదు. మా తాత ఆ కార్మికులలో ఒకడు.

ఇన్ని తరాలు గడిచినా మన వీధుల బొమ్మలు మన దగ్గర ఏమున్నవి? మా ఇంట్లో మా తాత ఫొటో ఒకటి ఉన్నది. స్టూడియోలో తీసినది. వెనక తెరమీద సరస్సు, హంసలు, రాజభవనపు మెట్లు. ఆయన ఏనాడూ ఆ మెట్లు ఎక్కలేదు. ఎక్కిన మిల్లు మెట్లు, నీళ్ళు పట్టిన కుళాయి, టీ తాగిన హోటలు ఎట్లా ఉండేవో చూపించడానికి ఒక్క చిత్తరువు లేదు. మన ఇళ్ళలో చాలావాటిలో పరిస్థితి ఇదే అనుకుంటాను.

ఊరు మాత్రం మన కోసం ఆగదు. ట్రాములు 1964 మార్చి 31తో ఆగిపోయినవి. పాత ఎర్ర డబుల్ డెక్కరు బస్సులు, నల్లపసుపు ప్రీమియర్ పద్మిని టాక్సీలు 2023లో సెలవు తీసుకున్నవి. బి.డి.డి. చాళ్ళు 1920వ దశకంలో కట్టినవి. వరళి, నాయగావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్, శివ్డీ, ఈ నాలుగు చోట్లా కలిపి 207 భవనాలు. వాటి స్థానంలో ఎత్తయిన మేడలు కట్టే పథకం వరళిలో 2017లో మొదలైంది. నూట అరవై చదరపు అడుగుల గదిలో తరాలు గడిపినవారికి పెద్ద ఇల్లు రావడం సంతోషించవలసిన విషయమే. పాతది అందంగా ఉన్నది గనుక అందులోనే ఉండండి అనడానికి నాకు నోరు రాదు. అందరికీ ఒకే చోట ఉన్న మరుగుదొడ్ల ముందు బాల్టీ పట్టుకుని వరసలో నిలబడినవాణ్ణి నేను. నేను అడిగేది, పోయేదానిని ఒకసారి సరిగా చూసి పంపుదామని మాత్రమే.

"జేబులో సెల్‌ఫోను ఉన్నది, ఒక్క నొక్కుతో ఫొటో వస్తుంది, ఈ కష్టమెందుకు?" అని మీరు అడగవచ్చు. ఫొటో మంచిదే, నేనూ తీస్తాను. ఫొటో తీసినవాడు తీసి వెళ్ళిపోతాడు. బొమ్మ వేసేవాడు గంటసేపు అక్కడే కూర్చోవాలి. గంటసేపు ఒకచోట కూర్చున్నవాడి దగ్గరికి ఊరు తనంత తానే నడిచి వస్తుంది. పిల్లలు వస్తారు, టీ అబ్బాయి వస్తాడు, పనిలేని పెద్దమనిషి వస్తాడు. "ఆ మూల దుకాణం ముందు మంగలి షాపుగా ఉండేది", "ఆ కిటికీలోంచే అప్పట్లో నాటకాల రిహార్సలు వినబడేది" అని చెబుతారు. ఎవరూ అడగకుండా సాక్ష్యం చెబుతారు.

మా చాళ్ళో జరిగినది ఒకటి చెబుతాను. ఆ భవనాల్లో ప్రతి అంతస్తుకూ మధ్యలో పొడుగాటి నడవ, రెండు పక్కలా గదులు. పగలు కూడా నడవ చీకటిగా ఉంటుంది, చివరనుంచి మాత్రం తెల్లని వెలుగు. ఖాళీ చేయమని నోటీసులు వచ్చిన తరువాత, వరసగా కొన్ని ఆదివారాలు నేను ఆ నడవలో కూర్చున్నాను. తలుపుల పక్కన నీళ్ళ డ్రమ్ములు, గోడకు ఆనించిన సైకిలు, చెప్పుల వరస. ఒకనాడు చివరి గది అవ్వ దవాఖానా నుంచి తిరిగి వచ్చి, నా వెనక నిలబడి చాలాసేపు చూసింది. "అన్నీ పెట్టినవు, నా కుర్సీ ఏది బిడ్డా?" అన్నది. కుర్చీ ఆ పూట బయట లేదు, లోపల ఉన్నది. ఆ మాటే చెప్పాను. "ముప్పై ఏండ్ల సంది ఈడనే కూసుంటున్న గదా. ఒక్క పూట లేకుంటే లేనట్టేనా?" అని లోపలికి పోయి కుర్చీ తెచ్చి, తన చోట వేసుకుని కూర్చున్నది. మాట్లాడలేదు, కదలలేదు. చివరి వెలుగుకు అడ్డంగా ఆమె ఆకారం నల్లగా, తలచుట్టూ నెరసిన జుట్టు మాత్రం తెల్లగా కనిపించింది. ఆ తెల్లదనాన్ని కాగితానికే వదిలిపెట్టాను. అయిపోయిన తరువాత చూసి, "ఇగ మంచిగుంది" అన్నది. "దీని వెనక నా పేరు రాయి, తెలుగుల రాయి" అన్నది. వ్రాశాను. ఇంటి పేరుతో సహా వ్రాయించింది. ఊరి పేరు కూడా చెప్పింది, కరీంనగరం జిల్లాలో ఒక పల్లె. రెండు నెలలకు ఆ అంతస్తు ఖాళీ అయింది. తలుపులు తీసేసిన నడవలో వెలుగు ఎక్కువైంది. అవ్వ ఇప్పుడు కొడుకుతో వేరేచోట ఉంటున్నది.

ఆనాటినుంచి నాకు ఒక సంగతి స్పష్టమైంది. బొమ్మ బాగా కుదిరిందా లేదా అనేది రెండవ ప్రశ్న. "ఇక్కడ నా కుర్చీ ఉన్నది" అని ఒక మనిషి చెప్పుకోవడానికి అది చోటు ఇచ్చిందా అనేది మొదటి ప్రశ్న. మూడు తరాలుగా ఉంటూ కూడా మనం "మనకెందుకు, పరాయి ఊరు" అని తల వంచుకుని స్టేషనుకూ ఇంటికీ మధ్య నడిచిపోతుంటాము. ఊరు మనది కావడానికి కాగితం మీద హక్కు ఒకటే మార్గం కాదు. తీరికగా, పేరుపేరునా చూడడం కూడా ఒక మార్గమే. సొంత ఇల్లు కొనలేని గుమాస్తాకు ఆ మార్గం ఉచితంగా దొరుకుతుంది.

ఇది నా ఒక్కడి వెర్రి కాదు. 2007లో అమెరికాలోని సియాటిల్ నగరపు పత్రికా చిత్రకారుడు గేబ్రియల్ కాంపనారియో ప్రారంభించిన 'అర్బన్ స్కెచర్స్' అనే కూటమి నేడు ఎన్నో దేశాల నగరాల్లో ఉన్నది. వారి ముఖ్య నియమం, ఎదురుగా చూసినదానినే, ఆ చోటనే ఉండి వేయడం. మన దేశంలోనూ ఆ పని చేస్తున్నవారు ఉన్నారు.

కనుక సంఘంవారికి నా విన్నపం ఇది. నెలకు ఒక ఆదివారం పొద్దున మన పిల్లలను పదిమందిని వెంటబెట్టుకుని వెళదాము. ఒకసారి దాదరు పూలబజారు, ఒకసారి కామాటిపురా గల్లీలు, ఒకసారి మిగిలిన మిల్లు గొట్టం. పెద్దలు కూడా రావాలి, బొమ్మ వేయడానికి కాకపోయినా, పక్కన కూర్చుని "ఇక్కడ ఇది ఉండేది" అని చెప్పడానికి. ప్రతి బొమ్మ వెనకా తేదీ, వేళ, చోటు, అందులో ఉన్నవారు ఒప్పుకుంటే వారి పేరు, తెలుగులో వ్రాయిద్దాము. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ, ఇంగ్లీషు చదివే పిల్లలకు ఆ నాలుగు మాటలు వ్రాయడానికైనా అక్షరాలు అవసరమవుతవి. "అ అంటే అమ్మ" దగ్గర ఆగిపోయిన పిల్లవాడు తన గల్లీ పేరు తెలుగులో వ్రాయడానికి ఉత్సాహపడతాడు. వచ్చే ఉగాదికి ఈ హాలు గోడల మీద ఆ బొమ్మలు పెడదాము. తరువాత వాటిని సంఘం బీరువాలో, చెదలు పట్టకుండా భద్రపరుద్దాము. రంగులు, కాగితాల ఖర్చు మొదటి ఏడాదికి నేను, నా ఆఫీసు మిత్రులిద్దరు భరిస్తామని ఇక్కడే మాట ఇస్తున్నాను.

బొమ్మ వేయడం రాదని ఎవరూ వెనుదీయవద్దు. చూడడం వచ్చినవారందరికీ వేయడం కొంత వస్తుంది. చూడడం రాని మనిషి లేడు, తీరిక చేసుకోని మనిషి ఉన్నాడు, అంతే.

నూతన సంవత్సరం మీకందరికీ ఆయురారోగ్యాలను, వాటితోపాటు నెలకు ఒక ఆదివారం తీరికను ప్రసాదించుగాక అని కోరుకుంటున్నాను.